వస్తువులు శక్తిని ఎలా వెదజల్లుతాయి: మూడు స్టీలు గ్లాసులతో కొలిచి చూసే పద్ధతి

ప్రతి వస్తువూ ఎప్పుడూ శక్తిని బయటికి పంపుతూనే ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనుము, మరిగే నీళ్లు మాత్రమే కాదు, గోడ, పుస్తకం, మన చేయి, చివరికి ఐసుగడ్డ కూడా అంతే. సున్నా డిగ్రీల ఐసు ఉపరితలంలో ఒక్కో చదరపు మీటరు నుంచి 300 వాట్లకు పైగా వికిరణం, అంటే తరంగాల రూపంలో పోయే శక్తి, వెలువడుతుంది. అయినా ఐసు మనల్ని వెచ్చబెట్టదు. మన చర్మం దానివైపు పంపేది అంతకంటే ఎక్కువ కాబట్టి, లెక్క తేలేసరికి నష్టం మనకే మిగులుతుంది.

ఈ వికిరణం ఎంత ఉంటుందనేది మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: పరమ ఉష్ణోగ్రత (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చే కెల్విన్ విలువ), ఉపరితల వైశాల్యం, ఆ ఉపరితలం స్వభావం. మొదటి రెండూ విద్యార్థులకు తేలిగ్గానే అర్థమవుతాయి. చిక్కంతా మూడోదానితోనే. "నల్లనిది బాగా వికిరణం చేస్తుంది, తెల్లనిది చేయదు" అని బట్టీ పట్టి, ప్రయోగశాలలో నల్ల డబ్బా, తెల్ల డబ్బా పక్కపక్కన పెడతారు. రెండూ దాదాపు ఒకేలా చల్లారతాయి. దాంతో కంగారుపడి రికార్డులో "రావలసిన" రీడింగులు రాసేస్తారు. అలా చేయకండి. మీ థర్మామీటర్ నిజమే చెబుతోంది. గది ఉష్ణోగ్రత నుంచి మరిగే నీళ్ల దాకా ఉన్న వేడిలో, కంటికి కనిపించే రంగు వికిరణాన్ని పెద్దగా మార్చదు. లోహపు మెరుపు ఉందా లేదా అన్నదే మారుస్తుంది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎవరైనా ఒక పూటలో ఈ విషయాన్ని సొంతంగా కొలిచి తేల్చుకోవచ్చు.

కావలసినవి

నిటారు గోడలున్న ఒకే రకం స్టీలు గ్లాసులు మూడు తీసుకోండి. వ్యాసం 7 సెంటీమీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్ల వరకు ఉంటే సరిపోతుంది. కింద సన్నగా పైన వెడల్పుగా ఉండే గ్లాసులతోనూ ప్రయోగం నడుస్తుంది గానీ వైశాల్యం లెక్కగట్టడం కష్టం. గోడ రెండు పొరలుగా ఉండే గ్లాసులు అసలు పనికిరావు. వాటి బయటి గోడ నీళ్లంత వేడెక్కదు.

ప్రయోగశాల థర్మామీటర్లు మూడు కావాలి, 0 నుంచి 110 డిగ్రీల వరకు కొలిచేవి. జ్వరం చూసే గాజు థర్మామీటర్ కొలిచేది 35 నుంచి 42 డిగ్రీల వరకే. దాన్ని వేడినీళ్లలో పెడితే పగిలిపోతుంది. వీటితో పాటు కొలజాడీ, రెండు సెంటీమీటర్ల మందం థర్మోకోల్ షీటు, గడియారం, తెల్ల ఎనామెల్ పెయింటు, ఒక నూనె దీపం సిద్ధం చేసుకోండి.

థర్మామీటర్ ఒక్కటే ఉంటే మూడు గ్లాసులనూ ఒకదాని తర్వాత ఒకటి కొలవవచ్చు. అప్పుడు గది ఉష్ణోగ్రత ప్రతిసారీ ఒకేలా ఉండాలి. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి చేసి పోలిస్తే ఆ పోలిక నిలబడదు.

గ్లాసులు సిద్ధం చేయడం

మొదటి గ్లాసును మెరుపుగానే ఉంచాలి. సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అంచు దగ్గర మాత్రమే పట్టుకోండి. వేలిముద్రల జిడ్డు, నీటి మరకలు, పీచుతో తోమిన గీతలు, ఇవన్నీ ఉపరితలం మెరుపును తగ్గించి వికిరణాన్ని పెంచుతాయి. ఏళ్ల తరబడి వాడి మసకబారిన గ్లాసు ఈ స్థానానికి పనికిరాదు.

రెండో గ్లాసుకు మసి పట్టించాలి. ఖాళీ గ్లాసును పట్టుకారుతో పట్టుకుని, నూనె దీపం వత్తి కాస్త పెద్దది చేసి, మంట కొసలో నెమ్మదిగా తిప్పండి. గోడ చుట్టూ మెరుపు ఎక్కడా కనిపించనంత వరకు పట్టించాలి. మసి వేలు తగిలితే రాలిపోతుంది, అందుకని నీళ్లు పోసేటప్పుడు కూడా అంచే పట్టుకోవాలి. మసి గొడవ వద్దనుకుంటే మెరుపు లేని నల్ల పెయింటు వేసి ఒక రోజు ఆరనివ్వండి.

మూడో గ్లాసుకు తెల్ల ఎనామెల్ పలచగా, సమంగా వేయాలి. పెయింటుకు బదులు తెల్లకాగితం అంటిస్తే చాలా జాగ్రత్త కావాలి. కాగితం కింద గాలి బుడగలు మిగిలితే అవి వేడిని ఆపేసి ఫలితాన్ని పాడుచేస్తాయి.

థర్మోకోల్‌తో మూడు మూతలు కోసి, ఒక్కోదానికి థర్మామీటర్ బిగుతుగా దూరేంత రంధ్రం చేయండి. అదే థర్మోకోల్ ముక్కలు మూడు కింద పీటలుగా వాడండి.

కొలవడం

ముందు మూడు థర్మామీటర్లనూ ఒకే వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచి చూడండి. వాటి మధ్యే ఒక డిగ్రీ తేడా ఉండటం మామూలు. ఆ తేడా రాసిపెట్టుకుని తర్వాత సరిచేసుకోవాలి. ఈ పని వదిలేస్తే చివర్లో వచ్చిన తేడా గ్లాసుదో థర్మామీటర్‌దో తెలియదు.

ఫ్యాను ఆపండి. ఎండ పడే కిటికీ పక్కన పెట్టకండి. గ్లాసుల మధ్య కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి, లేకపోతే ఒకదాని వికిరణం ఇంకోదాని మీద పడుతుంది. నీళ్లను 85 డిగ్రీల వరకు కాచి, ఒక్కో గ్లాసులో కొలజాడీతో సరిగ్గా 300 మిల్లీలీటర్లు పోయండి. కాచడం, పోయడం పెద్దవాళ్లు పక్కనుండగానే చేయాలి. వెంటనే మూత పెట్టి, థర్మామీటర్ బల్బు నీళ్ల మధ్యలో ఉండేలా, అడుగుకు తగలకుండా సరిచేయండి.

ప్రతి గ్లాసుకూ అది 75 డిగ్రీలకు దిగిన క్షణమే సున్నా నిమిషం. అక్కడి నుంచి రెండు నిమిషాలకోసారి రీడింగు రాయండి, అరగంట పాటు. రీడింగుకు ముందు గ్లాసును పీటతో సహా మెల్లగా ఒకసారి తిప్పితే పైనా కిందా నీళ్లు కలిసిపోతాయి. కన్ను పాదరసం మట్టానికి సమానంగా ఉండాలి, అర డిగ్రీ వరకు అంచనా వేసి రాయాలి. గది ఉష్ణోగ్రతను మొదట్లో, చివర్లో రెండుసార్లు రాయండి.

ఏం రావాలి

గది 30 డిగ్రీల దగ్గర ఉంటే, మొదటి పది నిమిషాల్లో మసి గ్లాసు సుమారు 5 డిగ్రీలు, మెరిసే గ్లాసు సుమారు 3 డిగ్రీలు దిగుతాయి. తెల్ల గ్లాసు మసి గ్లాసును అంటిపెట్టుకునే నడుస్తుంది. వాటి మధ్య తేడా మీ థర్మామీటర్ పట్టుకోగలిగేంత ఉండకపోవచ్చు.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్క వేసి చూద్దాం. 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లాసులో 300 మిల్లీలీటర్ల నీళ్లు 7.8 సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తాయి. ఆ నీళ్లను చుట్టిన గోడ వైశాల్యం 171 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.0171 చదరపు మీటర్లు. వాడవలసిన సూత్రం కింద ఉంది. ఇందులో ఉద్గారత అంటే, అదే ఉష్ణోగ్రతలో పరిపూర్ణంగా వికిరణం చేసే వస్తువుతో పోలిస్తే ఈ ఉపరితలం ఎంత వంతు వికిరణం చేస్తుందో చెప్పే 0 నుంచి 1 లోపు అంకె:

నికర వికిరణ సామర్థ్యం = ఉద్గారత × స్టీఫాన్ స్థిరాంకం × వైశాల్యం × (వస్తువు పరమ ఉష్ణోగ్రత⁴ − పరిసరాల పరమ ఉష్ణోగ్రత⁴)

స్టీఫాన్ స్థిరాంకం విలువ 5.67 × 10⁻⁸, ప్రమాణం వాట్లు ప్రతి చదరపు మీటరుకు, ప్రతి కెల్విన్ నాలుగో ఘాతానికి. 75 డిగ్రీలంటే 348 కెల్విన్, 30 డిగ్రీలంటే 303 కెల్విన్. నాలుగో ఘాతాల తేడా సుమారు 6.24 × 10⁹. స్థిరాంకంతో గుణిస్తే చదరపు మీటరుకు 354 వాట్లు. మసి ఉద్గారత 0.95 కాబట్టి మసి గ్లాసు గోడ నుంచి 5.7 వాట్లు పోతాయి. మెరిసే స్టీలు ఉద్గారత 0.15 అనుకుంటే 0.9 వాట్లే.

ఇది కాకుండా గోడను ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తూ, అంటే ఉష్ణసంవహనం ద్వారా, మూడు గ్లాసుల నుంచీ సమానంగా సుమారు 5 వాట్లు పట్టుకుపోతుంది. మూత, పీట ద్వారా ఇంకో అర వాటు. మొత్తం మసి గ్లాసుకు 11 వాట్లకు పైగా, మెరిసేదానికి 6 వాట్లకు పైగా తేలుతుంది. 300 గ్రాముల నీళ్లను ఒక డిగ్రీ చల్లార్చాలంటే 1256 జౌళ్లు పోవాలి. భాగిస్తే నిమిషానికి అర డిగ్రీకి కాస్త పైగా ఒకదానికి, 0.3 డిగ్రీల చుట్టుపక్కల ఇంకోదానికి వస్తాయి.

పాఠంలో వికిరణం గురించి మాత్రమే చదువుకున్న విద్యార్థి మసి గ్లాసు ఆరు రెట్ల వేగంతో చల్లారుతుందని ఎదురుచూస్తాడు. రెట్టింపు కూడా రాకపోవడానికి కారణం ఉష్ణసంవహనమే. ఏ వస్తువు చల్లారడం చూసినా ఈ రెండో దారిని లెక్కలోకి తీసుకోవాలి.

తేడా సరిగ్గా రాకపోతే

మూడు గ్లాసులూ గబగబా, ఒకే వేగంతో చల్లారుతున్నాయంటే మూతలు సరిగ్గా లేవు. ఒక్క గ్రాము నీరు ఆవిరైపోతే సుమారు 2300 జౌళ్లు తీసుకుపోతుంది. ఆ ఒక్క గ్రాముకే మిగతా నీళ్లు 1.8 డిగ్రీలు దిగిపోతాయి. మూత లేని గ్లాసులో ఈ నష్టం వికిరణం కంటే ఎన్నో రెట్లు పెద్దది, ఉపరితలాల మధ్య తేడా అందులో కలిసి కనిపించకుండా పోతుంది.

ఫ్యాను తిరుగుతున్నా అంతే. గాలి వేగం పెరిగితే ఉష్ణసంవహనం పెరిగి వికిరణం వాటా చిన్నదైపోతుంది. మెరిసే గ్లాసు కూడా నల్లదానికి దగ్గరగా చల్లారితే దాని మెరుపును అనుమానించండి. దాని చుట్టూ వంటింటి అల్యూమినియం ఫాయిల్ బిగుతుగా చుట్టి మళ్లీ చేయండి. ఫాయిల్ ఉద్గారత 0.05 దగ్గర ఉంటుంది. వదులుగా చుడితే మధ్యలో చిక్కిన గాలి కూడా వేడిని ఆపుతుంది, అప్పుడు ఫలితం మెరుపు వల్ల వచ్చిందో గాలి వల్ల వచ్చిందో చెప్పలేం. ఫాయిల్ మెరిసేవైపు బయటికా, మసకవైపు బయటికా అని మాత్రం బెంగపడకండి, రెండు వైపులా ఉద్గారత తక్కువే.

ఇంటర్ విద్యార్థులకు: గ్రాఫు నుంచి ఉద్గారత

నీళ్ల ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రత తీసేసి, ఆ తేడాకు సహజ సంవర్గమానం కట్టి, కాలానికి ఎదురుగా గ్రాఫు గీయండి. దాదాపు సరళరేఖ వస్తుంది. దాని వాలే ఆ గ్లాసు చల్లారే రేటు. మసి గ్లాసు వాలులోంచి మెరిసే గ్లాసు వాలు తీసేస్తే, రెండింటికీ సమానమైన ఉష్ణసంవహనం, మూత, పీట నష్టాలన్నీ కొట్టివేయబడి వికిరణ తేడా ఒక్కటే మిగులుతుంది. ఈ ప్రయోగంలో అన్నిటికంటే అందమైన మెట్టు ఇదే.

వాలుల తేడా నిమిషానికి 0.005 వచ్చిందనుకోండి. దాన్ని 1256తో గుణించి 60తో భాగిస్తే, ఒక్కో డిగ్రీ తేడాకు 0.105 వాట్లు. 65 డిగ్రీల నీళ్లు, 30 డిగ్రీల గది మధ్య పరిపూర్ణ కృష్ణ వస్తువు (ఉద్గారత 1 ఉన్నది) అయితే చదరపు మీటరుకు, డిగ్రీకి సుమారు 7.5 వాట్లు వికిరణం చేస్తుంది. మన గోడ వైశాల్యంతో గుణిస్తే 0.128. 0.105ను 0.128తో భాగిస్తే 0.82. అంటే మసికి, మెరిసే స్టీలుకు ఉద్గారతల తేడా 0.82. మసికి 0.95 తీసుకుంటే మీ గ్లాసు ఉద్గారత 0.13. ఐదారు వందల రూపాయల సామగ్రితో ఇంత దగ్గరగా రావడం గొప్ప విషయమే. వాలులో చిన్న పొరపాటు చివరి అంకెను బాగా కదుపుతుంది కాబట్టి, రెండో దశాంశ స్థానాన్ని మరీ నమ్మకండి.

తెలుపు ఎందుకు నలుపులా ప్రవర్తించింది

ఏ ఉష్ణోగ్రత దగ్గర వికిరణం ఏ తరంగదైర్ఘ్యం వద్ద గరిష్ఠంగా ఉంటుందో విల్హెల్మ్ వీన్ 1893లో చెప్పాడు: 2898ని పరమ ఉష్ణోగ్రతతో భాగిస్తే జవాబు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) వస్తుంది. 348 కెల్విన్‌కు అది 8.3 మైక్రాన్లు. మన కంటికి కనిపించే కాంతి 0.4 నుంచి 0.7 మైక్రాన్లే. వేడినీళ్ల గ్లాసు పంపే వికిరణంలో కంటికి తెలిసేది ఏమీ లేదు, అంతా పరారుణమే.

తెల్ల పెయింటులోని టైటానియం డయాక్సైడ్ రేణువులు కనిపించే కాంతిని అన్ని దిక్కులకూ వెనక్కి కొడతాయి, అందుకే అది తెల్లగా ఉంటుంది. కానీ ఆ రేణువులను పట్టి ఉంచే రెజిన్ అణువులు 8 మైక్రాన్ల ప్రాంతపు తరంగాలను శోషించుకుంటాయి. పరారుణంలో చూడగలిగే కన్ను ఉంటే దానికి తెల్ల ఎనామెల్ కూడా నల్లగానే కనిపిస్తుంది. ఒక తరంగదైర్ఘ్యం దగ్గర బాగా శోషించేది అదే తరంగదైర్ఘ్యం దగ్గర బాగా ఉద్గారిస్తుందని 1859లో కిర్కాఫ్ నిరూపించాడు. "అదే తరంగదైర్ఘ్యం దగ్గర" అనే షరతును వదిలేసి చదవడం వల్లే తెల్ల డబ్బా తికమక పుడుతుంది. తెల్ల ఎనామెల్ ఉద్గారత 0.9, గాజుది కూడా 0.9, నీటిది 0.96, మనిషి చర్మానిది 0.98. చర్మం ఏ రంగుదైనా ఇదే విలువ. లోహంలో మాత్రం స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఈ పొడవాటి తరంగాలను కూడా తిప్పికొడతాయి, కాబట్టి లోహం తక్కువ శోషిస్తుంది, తక్కువే ఉద్గారిస్తుంది.

ఎండలోకి వెళితే కథ మారిపోతుంది. సూర్యుడి ఉపరితలం 5772 కెల్విన్, దాని వికిరణ గరిష్ఠం 0.5 మైక్రాన్ల దగ్గర. అక్కడ తెలుపు నిజంగానే తెలుపు. ఎండలో పెట్టిన నల్ల గ్లాసు ఎండను శోషిస్తుంది, తెల్లది వెనక్కి పంపేస్తుంది. పైగా తెల్లది తన సొంత వేడిని పరారుణంలో ధారాళంగా వదిలేస్తుంది. ఇంటి పైకప్పుకు తెల్లపూత మేలు చేసేది ఈ రెండు గుణాలూ కలిసి ఉండటం వల్లే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనకున్న భౌతికశాస్త్రం ఇదే. మెరిసే లోహపు రేకు కూడా ఎండను చాలావరకు తిప్పికొడుతుంది గానీ, శోషించిన కొద్ది వేడిని వదిలించుకోవడం దానికి చేతకాదు. అందుకే ఎండలో రేకు చేయి పెట్టలేనంతగా కాలుతుంది.

గన్ థర్మామీటర్‌తో రెండు నిమిషాల పరీక్ష

దూరం నుంచి గురిపెట్టే పరారుణ థర్మామీటర్ ఉంటే ఉద్గారతను అప్పటికప్పుడే చూడొచ్చు. నుదుటి జ్వరం చూసే రకమైతే దాన్ని వస్తువుల మోడ్‌కు మార్చండి. జ్వరం మోడ్‌లో అది శరీర ఉష్ణోగ్రతల పరిధి దాటితే చూపించదు. 70 డిగ్రీల నీళ్లున్న మసి గ్లాసు వైపు దగ్గర నుంచి గురిపెడితే 68, 69 అలా వస్తుంది. తెల్లదానికీ దాదాపు అంతే. మెరిసే గ్లాసు మాత్రం 35 నుంచి 40 మధ్యే చూపిస్తుంది! లోపల నీళ్లు మూడింటిలోనూ ఒకే వేడి.

చాలా చవక పరికరాలు ప్రతి ఉపరితలానికీ ఉద్గారత 0.95 అనే అనుకుని లెక్క కడతాయి. మెరిసే స్టీలు నుంచి పరికరానికి చేరేదాంట్లో ఎక్కువ భాగం గది గోడల నుంచి వచ్చి స్టీలు మీద ప్రతిఫలించిన వికిరణం. ఆ స్టీలు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఒక నిమిషం ఆగి, టేపు మీద గురిపెట్టండి, సరైన ఉష్ణోగ్రత వస్తుంది. ఫ్యాక్టరీల్లో మెరిసే పైపుల వేడి కొలిచేవాళ్లు వాడే ఉపాయం కూడా ఇదే. గాజు కిటికీ గుండా బయటి వస్తువును కొలవాలని చూడకండి. ఈ పరికరాలు పట్టుకునే 8 నుంచి 14 మైక్రాన్ల వికిరణానికి గాజు గోడతో సమానం, మీరు కొలిచేది గాజు ఉష్ణోగ్రతనే.

లెక్కల్లో మార్కులు పోయే చోట్లు

మొదటిది సెల్సియస్‌ను అలాగే వాడటం. వస్తువు 27 డిగ్రీల నుంచి 54 డిగ్రీలకు వేడెక్కితే ఉద్గారం ఎన్ని రెట్లవుతుంది? రెట్టింపు ఉష్ణోగ్రత కాబట్టి 16 రెట్లు అని రాస్తారు. పరమ ఉష్ణోగ్రత 300 నుంచి 327కు మాత్రమే పెరిగింది. 1.09కి నాలుగో ఘాతం 1.41. జవాబు 1.41 రెట్లు. 16 రెట్లు రావాలంటే 600 కెల్విన్, అంటే 327 డిగ్రీలకు చేరాలి.

రెండోది, నాలుగో ఘాతాల తేడాకు బదులు తేడాకు నాలుగో ఘాతం వేయడం. మూడోది చదరపు సెంటీమీటర్లను చదరపు మీటర్లుగా మార్చేటప్పుడు 100తో భాగించడం. భాగించాల్సింది 10,000తో.

నాలుగోది అసలైన భావనలో లోపం: మొత్తం ఉద్గారానికీ నికర నష్టానికీ తేడా గుర్తించకపోవడం. మనిషి శరీరాన్నే తీసుకోండి. వైశాల్యం 1.7 చదరపు మీటర్లు, చర్మం 33 డిగ్రీలు, ఉద్గారత 0.97 అనుకుంటే, ఉద్గారం 820 వాట్లు వస్తుంది. ఇంత పోతుంటే మనిషి గంటలో గడ్డకట్టాలి కదా? గది గోడలు 28 డిగ్రీల దగ్గర ఉంటే, అవి పంపే 768 వాట్లను చర్మం తిరిగి శోషించుకుంటుంది. నికరంగా పోయేది 52 వాట్లే. ప్రతి వస్తువూ ఒకవైపు పంపుతూ ఇంకోవైపు అందుకుంటూ ఉంటుందన్న ఈ వినిమయ సిద్ధాంతాన్ని పియర్ ప్రెవోస్ట్ 1791లో ప్రతిపాదించాడు. ప్రశ్నలో "ఉద్గారం" అని ఉందా, "నికర నష్టం" అని ఉందా చూసుకున్నాకే పెన్ను కదపండి.

ఉష్ణోగ్రతల తేడా పదిలోపు ఉంటే ఒక దగ్గరి దారి ఉంది. 300 కెల్విన్ దగ్గర కృష్ణ వస్తువుకు చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు 6.1 వాట్లు. పై లెక్కలో తేడా 5 డిగ్రీలు. 6.1ని 5తో, 1.7తో, 0.97తో గుణిస్తే 50 వాట్లు. నాలుగో ఘాతాలు కట్టకుండానే జవాబుకు దగ్గరగా వచ్చేశాం. వస్తువు చల్లారే రేటు పరిసరాలతో ఉన్న ఉష్ణోగ్రత తేడాకు అనులోమంగా ఉంటుందనే న్యూటన్ శీతలీకరణ నియమం చిన్న తేడాలకు పనిచేయడానికి ఇది కూడా ఒక కారణం.

నాలుగో ఘాతమే ఎందుకని అడిగే విద్యార్థికి జోసెఫ్ స్టీఫాన్ 1879లో చేసిన లెక్కనే ఇవ్వండి. భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ కొలతల ప్రకారం, ప్లాటినం తీగ 525 డిగ్రీల దగ్గర ఇచ్చే వికిరణం కంటే 1200 డిగ్రీల దగ్గర ఇచ్చేది 11.7 రెట్లు. కెల్విన్‌లో 798, 1473. వాటి నిష్పత్తి 1.846. దీన్ని ఎన్నో ఘాతానికి ఎత్తితే 11.7 వస్తుంది? సంవర్గమానాలతో చేసి చూస్తే 4.01 అని తేలుతుంది. ఐదేళ్ల తర్వాత, 1884లో, బోల్ట్జ్‌మన్ దీన్ని ఉష్ణగతికశాస్త్రం నుంచి నిరూపించాడు.

రంగు చూసి ఉష్ణోగ్రత చెప్పడం ఎక్కడ చెల్లదు

కాల్చిన ఇనుము 798 కెల్విన్, అంటే 525 డిగ్రీల చుట్టుపక్కల చీకట్లో మసకగా ఎర్రబారడం మొదలవుతుంది. వేడి పెరిగేకొద్దీ నారింజ, పసుపు, తెలుపు వైపు వెళుతుంది. 2800 కెల్విన్ దగ్గర ఉండే పాత బల్బు ఫిలమెంటుకు కూడా వికిరణ గరిష్ఠం 1.03 మైక్రాన్ల దగ్గర, పరారుణంలోనే ఉంటుంది. అది కాంతి కంటే వేడి ఎక్కువ ఇవ్వడానికి కారణమిదే.

అయితే వీన్ నియమం వేడి వల్ల పుట్టే వెలుగుకే వర్తిస్తుంది. గ్యాస్ స్టవ్ నీలి మంటకు దీన్ని వాడకూడదు. ఆ నీలం మంటలోని అణువుల ఎలక్ట్రాన్ మార్పుల వల్ల వస్తుంది. దీపం పసుపు మంటలో మాత్రం సన్నని మసి రేణువులు నిజంగానే కాలి వెలుగుతాయి. ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటుంది, ఆ బల్బు సూర్యుడి కంటే వేడిగా ఉందని కాదు. అంత వేడి వస్తువు కాంతి ఏ తెలుపులో ఉంటుందో ఆ తెలుపు అని అర్థం. ఎర్ర చొక్కా సంగతి చెప్పక్కర్లేదు, దాని రంగు ప్రతిఫలించిన కాంతిది.

రాత్రి ఆకాశానికి వేడి పోవడం

చలికాలంలో మబ్బులేని, గాలిలేని రాత్రి చూసుకోండి. ఒకే రకం రెండు డబ్బా మూతలకు నల్ల పెయింటు వేసి, థర్మోకోల్ ముక్కల మీద పెట్టి, ఒక్కోదాని అడుగున థర్మామీటర్ బల్బును టేపుతో అంటించండి. ఒకటి డాబా మీద ఆకాశానికి ఎదురుగా, ఇంకోటి రెండు మీటర్ల దూరంలో తెరిచిన గొడుగు కింద ఉంచండి. చీకటి పడ్డాక గంటకోసారి, తెల్లవారుజామున ఒకసారి చూస్తే ఆరుబయటి మూత కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. గొడుగు గాలి ఉష్ణోగ్రతలో ఉండి మూతకు వికిరణం తిరిగి ఇస్తుంది, నిర్మలాకాశం అంత ఇవ్వదు.

ఈ లెక్క తెలియకముందే మన దేశంలో దీనితో ఐసు తయారుచేశారు. అలహాబాదులో చలికాలపు రాత్రుల్లో లోతులేని గుంటల్లో ఎండు చొప్ప పరిచి, దాని మీద మట్టి మూకుళ్లలో పలచగా నీళ్లు పోసి ఉంచే పద్ధతిని బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ బార్కర్ 1775లో వివరంగా రాశాడు. చొప్ప నేల వేడి నీళ్లకు చేరకుండా ఆపుతుంది, మన థర్మోకోల్ చేసే పనే అది. మట్టి మూకుళ్ల నుంచి ఆవిరి కావడం కూడా కొంత తోడ్పడేది.

మీ ప్రయోగంలో తేడా రాకపోతే ముందు ఆకాశం చూడండి. పలచని మబ్బు కూడా గొడుగులా పనిచేస్తుంది. గాలి వీస్తుంటే అది మూతను తన ఉష్ణోగ్రతకు లాగేస్తుంది. నీటి ఆవిరి పరారుణాన్ని శోషించి కిందికి తిరిగి పంపుతుంది కాబట్టి విశాఖ, కాకినాడల్లాంటి తీరప్రాంతాల్లో తేడా తక్కువగా, ఆదిలాబాద్ వైపు పొడి చలి రాత్రుల్లో ఎక్కువగా వస్తుంది. మూత మీద మంచు బిందువులు పట్టడం మొదలయ్యాక కూడా దిగడం నెమ్మదిస్తుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడి మూతకే చేరుతుంది. అందుకని బిందువులు ఎప్పుడు కనిపించాయో ఆ సమయాన్ని కూడా రీడింగుల పక్కన రాసుకోండి.